పాత కంప్యూటర్‌కు కొత్త అతుకు: వేయడమా? మానడమా?

ఖరగ్‌పూర్ దాటి ఒడిశా వైపు సాగే ప్రధాన రైలు మార్గంలో వచ్చే చిన్న స్టేషన్ హిజ్లీ. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం రాజకీయ ఖైదీల కోసం నిర్బంధ శిబిరం నెలకొల్పినదీ, 1951లో ఆ శిబిర భవనంలోనే దేశపు మొట్టమొదటి ఐఐటీ ప్రారంభమైనదీ ఇక్కడే. రైల్వే ఉద్యోగాల నిమిత్తం వచ్చి ఈ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. మా నాన్నగారు 1962లో శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరారు. నలభై సంవత్సరాల పాటు ప్రయాణికుల బోగీల ఓవర్‌హాలింగ్ పనిలో ఉండి 2002లో పదవీ విరమణ చేశారు.

2025 దీపావళి సెలవులకు నేను హిజ్లీ వెళ్ళినప్పుడు నాన్నగారు నన్ను కూర్చోనివ్వకుండానే తమ గదిలోని కంప్యూటర్ వద్దకు తీసుకొని వెళ్ళారు. అది 2013లో కొన్న యంత్రం. తెరపై ఒక ప్రకటన కనిపిస్తున్నది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినదనీ, ఇకపై భద్రతా అప్‌డేట్లు రావనీ దాని సారాంశం.

"ఏటిరా ఇది? దీని గడువు తీరిపోయిందంటున్నాది. బోగీకి గడువు తీరితే లోపల తుప్పు ఎంతుందో చూసి మరీ చెప్పేవాళ్ళం. దీని లోపల ఎవరు చూశారు?" అని అడిగారు.

ఇంజనీరునై ఉండి కూడా ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన సంస్థలో పనిచేసే ఎందరో ఉద్యోగుల ఇళ్ళలో ఇటువంటి పాత కంప్యూటర్లు ఉన్నాయి. కావున ఆ ప్రశ్నకు ఆ సెలవులలో మేము వెతుక్కున్న సమాధానాన్ని పాఠకులతో పంచుకోవడం ఉపయోగకరమని భావిస్తున్నాను.

అప్‌డేట్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో ఉత్తరాలు వ్రాయడానికి, పాటలు వినడానికి, బ్యాంకు పనులు చేసుకోవడానికి వేర్వేరు ప్రోగ్రాములు ఉంటాయి. వీటన్నిటికీ జ్ఞాపకశక్తినీ, డిస్కులో చోటునూ, తెరనూ, ప్రింటర్‌నూ పంచి ఇచ్చి, ఒకదానికొకటి ఢీకొనకుండా చూసేది ఆపరేటింగ్ సిస్టమ్. స్టేషన్ మాస్టర్ అనుమతి లేనిదే రైలు ప్లాట్‌ఫారం మీదికి రానట్లే, దీని అనుమతి లేనిదే ఏ ప్రోగ్రామూ నడవదు.

కోట్ల పంక్తులతో వ్రాసిన ఇంతటి వ్యవస్థలో లోపాలు మిగిలిపోవడం సహజం. వాటిలో కొన్ని, బయటివారు లోనికి చొరబడటానికి దారులుగా మారతాయి. అవి బయటపడినప్పుడు తయారీదారు పంపే సవరణనే ప్యాచ్ అంటారు. మన భాషలో అతుకు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2003 నుండి ప్రతి నెలా రెండవ మంగళవారం నాడు ఇటువంటి అతుకులను విడుదల చేస్తున్నది. ఇవి భద్రతకు సంబంధించినవి. ఇవి గాక, కొత్త సదుపాయాలు చేర్చి వ్యవస్థనంతటినీ మార్చే పెద్ద అప్‌డేట్లు వేరుగా ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వల్లనే చాలామంది నిర్ణయంలో పొరపడుతున్నారు.

అతుకు విడుదలైన తరువాత ప్రమాదం తగ్గదు సరికదా, వేయించుకోనివారికి పెరుగుతుంది. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి చూస్తే చిరుగు ఎక్కడ ఉన్నదో నిపుణుడైన దొంగకు తెలిసిపోతుంది. ఆ చిరుగుతో ఇంకా తిరుగుతున్న యంత్రాలను అతడు వెతుక్కుంటాడు.

మానినందువల్ల జరిగినది

దీనికి మనమంతా గుర్తుంచుకోదగిన ఉదాహరణ 2017లో జరిగింది. విండోస్‌లో ఫైళ్ళను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పంచుకునే భాగంలో ఒక లోపం బయటపడగా, మైక్రోసాఫ్ట్ మార్చి 14న అతుకు విడుదల చేసింది. సరిగ్గా 59 రోజులకు, మే 12న, వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాం అదే దారిలో ప్రపంచం మీద పడింది. ఎవరూ ఏ బొత్తామూ నొక్కకుండానే నెట్‌వర్క్ ద్వారా ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు ప్రాకి, ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తాళం తీయడానికి 300 డాలర్లు అడిగింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని వాత పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేయవలసి వచ్చింది.

ఇది ఎక్కడో జరిగిన ముచ్చట కాదు. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం మున్నగు జిల్లాల పోలీసు కార్యాలయాలలో కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే విద్యుత్ పంపిణీ సంస్థకు చెందిన కొన్ని కార్యాలయాల కంప్యూటర్లకు ఇదే గతి పట్టింది.

మద్దతు ఎప్పుడో ముగిసిన విండోస్ ఎక్స్‌పీ వంటి ముసలి వ్యవస్థలే ఇందుకు కారణమని తొలుత అందరూ అనుకున్నారు. తరువాత లెక్క చూస్తే దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలని తేలింది. వాటికి అతుకు రెండు నెలల ముందే సిద్ధంగా ఉన్నది. అనగా చిక్కుకున్నవి మందు దొరకని యంత్రాలు కావు, మందు ఇంట్లో ఉండి కూడా మింగని యంత్రాలు.

వేసినందువల్ల జరిగినది

అయితే "వచ్చిన ప్రతి అప్‌డేట్‌నూ వెంటనే వేయండి" అని చెప్పి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్ళను చెరిపివేసింది. కొద్ది రోజులలోనే దానిని నిలిపివేసి, నవంబర్ 13న సరిదిద్ది మళ్ళీ ఇచ్చారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. ఆనాడు మన విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చారు. అది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కాకపోయినా, పరీక్షించకుండా ఒక్కసారిగా అందరికీ పంపిన మార్పు ఏమి చేయగలదో చూపింది.

మా ఇంటి అనుభవం ఇంకా చేదైనది. అమ్మ 2016లో కాలం చేసింది. అంతకు ముందు రెండు సంవత్సరాల పాటు తీరిక వేళల్లో ఆమె తన పుట్టింటి వైపు పెళ్ళిపాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు పాడుతుండగా నాన్నగారు ఈ కంప్యూటర్‌లోనే రికార్డు చేశారు. మొత్తం పదకొండు పాటలు. 2018 మే నెలలో ఒక మధ్యాహ్నం నేను పెద్ద అప్‌డేట్ ఒకటి వేయడానికి పూనుకున్నాను. అది కాల్‌బైశాఖి రోజులు. ఎండ మాడుతూ ఉండగానే వాయవ్యం నుండి నల్లగా గాలివాన కమ్ముకొని వస్తుంది. ఆ రోజూ వచ్చింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది. మార్చాలని అనుకుంటూ వాయిదా వేసినది నేనే. ఆ తరువాత కంప్యూటర్ లేవలేదు. డిస్కును తీసుకొని వెళ్ళి చూపిస్తే అదీ దెబ్బతిన్నదన్నారు. చెల్లెలి ఫోనుకు మునుపెప్పుడో పంపిన రెండు పాటలు తప్ప మిగిలిన తొమ్మిదీ పోయాయి.

నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కొత్త డిస్కు వేయించిన తరువాత మాత్రం "ఇక దీన్ని ముట్టుకోకు. నడుస్తున్న బండిని నడవనీ" అన్నారు. ఆనాటి నుండి అప్‌డేట్ అడిగినప్పుడల్లా ఆయన వాయిదా వేస్తూనే వచ్చారు. నేనూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పే అర్హత నాకు లేదనిపించింది. ఈలోగా ఆయన పింఛను ఖాతా, బ్యాంకు వ్యవహారాలు, ప్రతి నవంబర్‌లో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం అన్నీ అదే యంత్రం మీదికి చేరుకున్నాయి.

రైల్వే నేర్పే పాఠం

పాతదైనంత మాత్రాన వ్యవస్థ పనికిరానిది కాదనడానికి రైల్వే రిజర్వేషనే సాక్ష్యం. క్రిస్ సంస్థ రూపొందించిన కన్సర్ట్ అనే ప్రోగ్రాం 1994లో మొదట సికింద్రాబాద్‌లో అమలయింది. 1999 నాటికి దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నీ దాని ద్వారా ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. దానికి ఆధారం ఓపెన్ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. దాని మూలరూపం 1970ల చివరి నాటిది. అంత పాతదైనా కోట్లాది ప్రయాణికులకు బెర్తులు కేటాయించింది. ఎందుకనగా దానిని కనిపెట్టుకొని ఉండే నిపుణులున్నారు, దాని తలుపులు అందరికీ తెరిచి ఉండవు, చేసే పని నిర్దిష్టమైనది.

అయినప్పటికీ దానికీ ఒక హద్దు వచ్చింది. 2010 నాటి ఆ ఏర్పాటు ఇటానియం సర్వర్ల మీద నడుస్తున్నదనీ, దానిని మార్చి నిమిషానికి 32 వేల టికెట్ల సామర్థ్యాన్ని లక్షన్నరకు పైగా పెంచుతున్నామనీ 2025లో రైల్వే శాఖ ప్రకటించింది. ఇటానియం ప్రాసెసర్ల సరఫరాను ఇంటెల్ సంస్థ 2021లోనే నిలిపివేసింది. విడిభాగం దొరకని యంత్రాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నా మార్పును ఏదో ఒకనాడు అంగీకరించక తప్పదు. ఆ రోజు తోసుకొని రాక ముందే ఏర్పాటు చేసుకోవడం వివేకం.

నిర్ణయానికి మూడు ప్రశ్నలు

ఈ విషయాలన్నీ నాన్నగారితో మాట్లాడిన మీదట మాకు తోచినది ఏమనగా, యంత్రం వయస్సును బట్టి నిర్ణయం చేయరాదు. మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఇందులో ఉన్నది మరెక్కడైనా ఉన్నదా? లేకపోతే అప్‌డేట్ సంగతి తరువాత, ముందు ప్రతులు తీయాలి. ఒక ప్రతి ఇంట్లో విడి డిస్కు మీద, మరొక ప్రతి ఇంటికి దూరంగా ఉండాలి. అప్‌డేట్ వేసినా, మానినా, డిస్కు తనంతట తాను చెడిపోయినా కాపాడేది ఈ ప్రతులే.

రెండవ ప్రశ్న: ఇది ఎవరితో మాట్లాడుతున్నది? ఇంటర్నెట్‌తో, బ్యాంకుతో, ఇతరుల పెన్‌డ్రైవులతో సంబంధం ఉన్న యంత్రానికి భద్రతా అతుకులు తప్పనిసరి. ఏ సంబంధమూ లేక పాటలు వినడానికి, పాత ఫొటోలు చూడడానికి మాత్రమే వాడేదానికి అంత అగత్యం లేదు.

మూడవ ప్రశ్న: అతుకులు వేసేవారు ఇంకా ఉన్నారా? ఉంటే ఈ యంత్రం మోయగలదా? విండోస్ 11కు కనీసం 4 జీబీ జ్ఞాపకశక్తి, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఇంచుమించు ఎనిమిదవ తరానిది లేదా ఆ తరువాతిదై ఉండాలి. 2017కు ముందు కొన్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి. ఈ తనిఖీని తప్పించి ఎక్కించే ఉపాయాలు ఉన్నవి గాని, అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు.

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి దారులు నాలుగు. మద్దతు ఉండి యంత్రం మోయగలిగితే, నెలవారీ భద్రతా అతుకులను కొద్ది రోజులలోనే వేయండి. పెద్ద అప్‌డేట్లకు కొన్ని వారాలు ఆగి, ఇతరుల అనుభవం చూసి వేయండి. మద్దతు ముగిసినా ఇంటర్నెట్ అవసరమైతే, పొడిగింపు తీసుకోవడమో, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థకు మారడమో, యంత్రం మార్చడమో చేయాలి. విండోస్ 10 గృహ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అతుకులు పొందే పొడిగింపును మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను అనుసంధానం చేసుకొన్నవారు రుసుము లేకుండా, లేనివారు 30 డాలర్ల రుసుముతో చేరవచ్చునన్నది. ఇంటర్నెట్ అవసరమే లేకపోతే దాని తీగ పీకి, అతుకుల మాట మరచి, ఇంటి పనులకు వాడుకోవచ్చు. నాలుగవది, కార్యాలయాలలో కొలత పరికరాలకో, యంత్రాలకో జతపరచిన పాత కంప్యూటర్లు. వాటి విషయంలో సొంత నిర్ణయం కూడదు. ఒక చిన్న మార్పుతో పరికరం డ్రైవర్ పనిచేయక పని నిలిచిపోవచ్చు. సంబంధిత కంప్యూటర్ విభాగం వారిని సంప్రదించాలి.

ఏ దారి ఎంచుకున్నా కొన్ని జాగ్రత్తలు అవసరం. డిస్కులో తగినంత ఖాళీ ఉన్నదో లేదో చూసుకోండి. యూపీఎస్ బ్యాటరీని ముందుగానే పరీక్షించండి. మబ్బు పట్టిన సాయంత్రం పని మొదలుపెట్టకండి. శాతం అంకె ఎంతసేపు కదలకపోయినా తొందరపడి స్విచ్ ఆపకండి. అప్‌డేట్‌ను కంప్యూటర్ సెట్టింగుల నుండి మాత్రమే తీసుకోండి. "మీ కంప్యూటర్‌కు గడువు తీరింది, మేము సరిచేస్తాం" అంటూ వచ్చే ఫోన్లనూ, హఠాత్తుగా తెర మీద లేచే ప్రకటనలనూ నమ్మవద్దు. ఈ సంగతి ఇంట్లోని పెద్దలకు ప్రత్యేకంగా చెప్పండి.

మా ఇంటి నిర్ణయం

ఇదంతా విని నాన్నగారు కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత ఇలా అన్నారు: "మా షాపులోకి ఓవర్‌హాలింగ్‌కి వచ్చే బోగీలో ప్రయాణికులుండరు కదరా. అందర్నీ దింపేసి, ఖాళీ చేసి పంపితేనే మేం చెయ్యి పెట్టేవాళ్ళం. ఆ రోజు నువ్వు మీ అమ్మని లోపలుంచే పనిలోకి దిగిపోయావు. తప్పు ఓవర్‌హాలింగ్‌ది కాదు."

ఏడు సంవత్సరాల తరువాత ఆయన ఆ విషయం ఎత్తడం అదే మొదటిసారి. ఆయన మాట అక్షరాలా నిజం. అప్‌డేట్ నిమిత్తమాత్రమే. ప్రతి తీసి ఉంచకపోవడమే అసలు దోషం, అది నాది. దాని పర్యవసానంగా ఏడు సంవత్సరాల పాటు అతుకులు లేని యంత్రం మీద ఆయన పింఛను వ్యవహారాలు నడవడానికి కూడా నేనే కారకుడినయ్యాను.

మరునాడు పని మొదలుపెట్టాము. ముందుగా ఫొటోలు, పత్రాలు, మిగిలిన ఆ రెండు పాటలు రెండు విడి డిస్కుల మీదికి ఎక్కించాము. ఒకటి బీరువాలో పెట్టి, రెండవది విశాఖపట్నంలోని చెల్లెలికి పంపాము. కొత్త బ్యాటరీ వేయించాము. బయట ఎండ కాస్తూ ఉండగా, ఏడు సంవత్సరాలుగా వాయిదా పడిన అతుకులను వేసి, పొడిగింపులో చేరాము. చివరి బొత్తాం నాన్నగారే నొక్కారు.

జీవన ప్రమాణ పత్రం సమస్యకూ మార్గం దొరికింది. నలభై సంవత్సరాలు ఆకురాయి, సుత్తి పట్టిన చేతులు కావడంతో ఆయన వేలిముద్రలు అరిగిపోయి, ప్రతి నవంబర్‌లోనూ యంత్రం గుర్తించక నాలుగైదు సార్లు ప్రయత్నించవలసి వచ్చేది. ముఖాన్ని చూపి ధ్రువీకరించుకునే సదుపాయం 2021 నవంబర్‌లో వచ్చింది. దానికి ఆండ్రాయిడ్ ఫోను చాలును. ఈసారి అలాగే చేశాము. బ్యాంకు పనులను కూడా అప్‌డేట్లు వస్తున్న ఫోనుకు మార్చాము. దీనితో పాత కంప్యూటర్ మీద భారం చాలా తగ్గింది.

గడువు తీరిన బోగీలన్నిటినీ తుక్కు చేయరనీ, వాటిలో కొన్నింటి కిటికీలూ తలుపులూ మూసివేసి, చివర్లలో పెద్ద తలుపులు పెట్టి, కార్లు రవాణా చేసే వ్యాగన్లుగా మారుస్తారనీ నాన్నగారు చెప్పారు. మనుషులను మోయరాని బోగీ సరకును మోయగలదు. మా కంప్యూటర్ విషయంలోనూ అదే నిర్ణయించాము. పొడిగింపు ముగిసిన రోజున దాని ఇంటర్నెట్ తీగ తీసివేయాలి. ఆపైన అది పాటలు వినిపిస్తుంది, ఫొటోలు చూపిస్తుంది, అంతే.

ఓవర్‌హాలింగ్ పూర్తయిన బోగీ పక్కన, పని జరిగిన తేదీనీ మళ్ళీ షాపుకు రావలసిన తేదీనీ రంగుతో వ్రాయడం రైల్వే ఆచారం. నేను తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా నాన్నగారు స్కెచ్ పెన్ను తీసుకొని కంప్యూటర్ పెట్టె పక్కన రెండు తేదీలు వ్రాశారు. మొదటిది ఆనాటిది. రెండవది 2026 అక్టోబర్ 13.